పురుగుమందు కొట్టేవాళ్ళ ఒంటికి విషం ఎక్కకుండా: సీసా కొనే దగ్గర నుంచి ఆసుపత్రి దాకా

పత్తి, మిరప, వరి పొలాల్లో పురుగుమందు కొట్టే ప్రతి ఒక్కరికీ ఈ పద్ధతి వర్తిస్తుంది. పంపు మోసేవాళ్ళకే కాదు, గొట్టం లాగేవాళ్ళకు, నీళ్ళు మోసి అందించేవాళ్ళకు, మర్నాడు అదే చేలో కలుపు తీసేవాళ్ళకు కూడా. ఇక్కడ చెప్పిన వరుస మార్చకండి. పొలంలో చేయాల్సినవి చాలావరకు ముందు రోజు సాయంత్రమే ఖాయం అవుతాయి.

## 1. మందు ఒంట్లోకి వెళ్ళే దారి

"మందు వాసనకి పడిపోయాడు" అంటారు మన ఊళ్ళలో. అందుకే అందరూ ముక్కుకు తువ్వాలు చుట్టి, చేతులూ కాళ్ళూ వదిలేస్తారు. నిజానికి పిచికారీ చేసేవాళ్ళకు ఎక్కువ మందు చర్మం గుండానే ఎక్కుతుంది.

చర్మమంతా ఒకే తీరుగా పీల్చదు. ముంజేతి కంటే నుదురు నాలుగు రెట్లు పీలుస్తుంది. చంకలు అంతకంటే ఎక్కువ. వృషణాల దగ్గర చర్మం పది రెట్లు దాటి పీలుస్తుంది. వీపు మీద పంపు కారి ఆ తడి నడుము మీదుగా గజ్జల్లోకి దిగితే, అరచేతికి అంటినదానికంటే అది ఎన్నో రెట్లు ప్రమాదం. ఎండ, చెమట తోడైతే ఇంకా వేగంగా ఎక్కుతుంది.

రెండో సంగతి చిక్కదనం. లీటరు నీటికి 1.6 మి.లీ. కలిపే మందైతే, సీసాలో ఉన్నది ట్యాంకులో ఉన్నదానికంటే 600 రెట్లకు పైగా చిక్కన. రోజంతా కొట్టే పని ఒక ఎత్తు, మందు కలిపే ఆ ఐదు నిమిషాలు ఒక ఎత్తు.

మూడోది, కొన్ని మందుల దెబ్బ రోజురోజుకూ పోగవుతుంది. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, డైమిథోయేట్ లాంటివి ఆర్గానోఫాస్ఫేట్ మందులు. ఇవి నరాల పనికి అవసరమైన కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కట్టిపడేస్తాయి. ఎర్ర రక్తకణాల్లో అది తిరిగి కోలుకోవడం రోజుకు సుమారు ఒక శాతం చొప్పునే. సోమవారం ఏమీ కాని మనిషి వరసగా కొడుతూ శనివారం అదే మందుకు పడిపోవడానికి కారణం ఇదే.

## 2. కొట్లో: ఏ సీసా, ఎంత

డబ్బా మీద వజ్రం ఆకారపు గుర్తు ఉంటుంది. దాని కింది సగం రంగే విష తీవ్రత చెబుతుంది.

- ఎరుపు: అత్యంత విషం
- పసుపు: తీవ్ర విషం
- నీలం: మధ్యస్థం
- ఆకుపచ్చ: వీటిలో తక్కువ

అదే పురుగుకు నీలం, ఆకుపచ్చ గుర్తు మందు దొరుకుతుంటే ఎరుపు, పసుపు కొనకండి. ఉదాహరణకు క్లోరాంట్రానిలిప్రోల్ మీద ఆకుపచ్చ గుర్తే ఉంటుంది. ఆకుపచ్చ అంటే ఒంటి మీద పోసుకోవచ్చని మాత్రం కాదు.

ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్, ఫాస్ఫామిడాన్ 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధం. ఎండోసల్ఫాన్‌ను 2011లోనే సుప్రీంకోర్టు ఆపేసింది. మోనోక్రోటోఫాస్ 36 ఎస్.ఎల్. (36 శాతం ద్రవ మందు)ను నిలిపివేస్తూ కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. అటక మీద పాత డబ్బా ఉందని దాన్ని దించి కొట్టకండి.

కొట్టువాళ్ళు నాలుగైదు సీసాలు అంటగట్టి "అన్నీ కలిపి ఒకేసారి కొట్టు" అంటారు. ఈ మాట వినకండి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ పత్తి చేలలో ఇరవై మందికి పైగా చనిపోయారు. మనిషి ఎత్తు దాటిన పత్తిలో, రకరకాల మందులు కలిపి, ఒంటికి ఏ రక్షణా లేకుండా కొట్టడం అక్కడ మామూలైపోయింది. పైగా మందులు కలిసిపోతే, రోగికి ఏ విషానికి వైద్యం చేయాలో డాక్టరు తేల్చుకోలేరు.

కొనేటప్పుడు:

- [ ] పురుగు ఏదో చూశాకే మందు, ఒక దఫాకు ఒక్కటే
- [ ] తెలుగు కరపత్రం డబ్బాతో పాటు ఉండాలి, విరుగుడు వైద్యం అందులోనే రాసి ఉంటుంది
- [ ] బిల్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ
- [ ] ఆ దఫాకు సరిపడా సీసా మాత్రమే, మిగిలితే ఇంట్లో ముప్పు
- [ ] కూరగాయల సంచిలో వేసి తేవద్దు

## 3. ముందు రోజు సాయంత్రం: ఉత్త నీళ్ళతో పంపు పరీక్ష

16 లీటర్ల పంపులో ఉత్త నీళ్ళు నింపండి. వీపుకు తగిలించుకుని పది నిమిషాలు కొట్టండి. తరవాత చొక్కా వీపు తడిమి చూడండి. తడి తగిలితే ఆ పంపుతో మందు కొట్టకూడదు.

కారేవి ఎక్కువగా నాలుగు చోట్ల: మూత కింద వాషరు, గొట్టం ట్యాంకుకు తగిలే చోటు, మందు చిమ్మే గన్ను పిడి దగ్గర మీట, నాజిల్ మర. వాషర్లు కొద్ది రూపాయలకే వస్తాయి. గుడ్డముక్క చుట్టి, దారం కట్టి నడిపిస్తే అది మందును పీల్చుకుని రోజంతా వీపుకు రాస్తూ ఉంటుంది.

జేబులో అదనంగా ఒక నాజిల్ ఉంచుకోండి. పాత పళ్ళు తోముకునే బ్రష్షు కూడా. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదే అలవాటు ఇప్పటికీ పోలేదు. అలా ఊదితే మందు నేరుగా పెదాలకు, నాలుకకు చేరుతుంది.

## 4. ఒంటి మీద వేసుకునేవి

ఒళ్ళంతా కప్పే రక్షణ సూటు ఎండలో భరించలేం, నిజమే. అందుకని వదిలేయకుండా, ఈ వరుసలో సమకూర్చుకోండి. డబ్బు తక్కువైతే పై నుంచి మొదలుపెట్టండి.

1. నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లవ్స్, మోచేతి వైపు పొడుగ్గా ఉన్నవి. గుడ్డవి, తోలువి పనికిరావు, అవి పీల్చి పట్టి ఉంచుతాయి. పలచటి ఆసుపత్రి గ్లవ్స్ చిరుగుతాయి.
2. రబ్బరు బూట్లు. ప్యాంటు అంచు బూటు పైన ఉండాలి. లోపలికి దోపితే కాలి వెంట కారిన మందు బూట్లో చేరి రోజంతా పాదం అందులోనే నానుతుంది.
3. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు. లుంగీ, నిక్కరు వద్దు. ఆడవాళ్ళు చీర మీద పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. తడిసిన కుచ్చిళ్ళు కాళ్ళకు అంటుకుంటాయి కాబట్టి గొట్టం లాగే పనికి చీర కంటే ప్యాంటే మేలు.
4. వీపుకు ప్లాస్టిక్ పట్టా. యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ పొరను బాగా కడిగి, మెడకు, నడుముకు తాళ్ళతో కట్టుకుంటే చాలు. కలిపేటప్పుడు ఇదే ముందుకు తిప్పి ఏప్రన్‌లా వాడండి.
5. కళ్ళద్దాలు, టోపీ.
6. మాస్కు. తుంపరకు ఎన్95 కొంత ఆపుతుంది. ఎరుపు, పసుపు గుర్తు మందు కలిపేటప్పుడు కార్ట్రిడ్జ్ (మందు ఆవిరిని పీల్చుకునే డబ్బీ) ఉన్నదే సరైనది. మందుతో తడిసిన తువ్వాలు మూతికి చుట్టుకోవడం కంటే ఏమీ లేకపోవడమే నయం.

చొక్కా చేతులు గ్లవ్స్ లోపలా, బయటా? నడుము కింది పైరుకు కొడుతుంటే చొక్కా చేతులు గ్లవ్స్ మీదకు రావాలి. ఎత్తు పత్తిలో గన్ను పైకెత్తుతుంటే మందు చేయి వెంట కిందికి జారుతుంది. అప్పుడు గ్లవ్స్‌నే చొక్కా మీదికి లాగి అంచు మడవండి.

ఇవన్నీ కొనాల్సింది పని చేయించుకునే రైతు. కూలీ తన డబ్బుతో తెచ్చుకోవాలనడం న్యాయం కాదు.

## 5. కొలత, కలపడం

సీసా మూతను కొలతగా వాడకండి. ఒక్కో మూత ఒక్కో కొలత. మి.లీ. గీతలున్న కప్పు, పొడి మందుకు గ్రాముల తూకం ఉండాలి. వాటి మీద "మందు" అని చెరగని రంగుతో రాసి, వంటింటి వైపు రానివ్వకండి.

లెక్క ఇలా: డబ్బా మీద ఎకరాకు 300 గ్రాములు, 200 లీటర్ల నీరు అని ఉంటే లీటరుకు 1.5 గ్రాములు. 16 లీటర్ల ట్యాంకుకు 24 గ్రాములు. ఎకరాకు పన్నెండున్నర ట్యాంకులు.

చాలాచోట్ల ట్యాంకుల లెక్కన కూలి ఇస్తారు. రైతు ఖర్చు తగ్గించుకోవాలని ఆరు ట్యాంకుల్లోనే ఎకరం మందు పోయిస్తాడు. అప్పుడు కూలీ మీద పడే ప్రతి చుక్కా రెట్టింపు విషం. ట్యాంకుకు ఇంత అనే లెక్క ఉన్నంతకాలం కూలీ పరుగులు పెడతాడు, గ్లవ్స్ విప్పేస్తాడు, తినకుండా కొడతాడు. ఆ పనికి రోజు కూలి కట్టండి.

కలిపే వరుస:

1. బావికి, చెరువుకు, తాగునీటి బోరుకు దూరంగా నిలబడండి. గాలి మీ వీపుకు తగలాలి.
2. గ్లవ్స్, అద్దాలు, ముందు ప్లాస్టిక్ పట్టా. ఈ ఒక్క పనికి వీటిని ఎట్టి పరిస్థితిలోనూ మానొద్దు.
3. ట్యాంకును నేల మీద కదలకుండా పెట్టి సగం నీళ్ళు పోయండి.
4. సీసాను నడుము కంటే కిందనే ఉంచి, నెమ్మదిగా కప్పులోకి వంచండి. మొహం పక్కకు తిప్పుకోండి.
5. పొడి మందును ముందు బకెట్లో కొద్ది నీటిలో జారుగా చేయండి. గాలికి ఎగరదు, నాజిల్‌కు అడ్డం పడదు.
6. పొడుగు కర్రతో కలపండి. మోచేతి దాకా చేయి పెట్టి తిప్పడం చాలా ఊళ్ళలో చూసేదే. ఒంట్లోకి మందు ఎక్కించుకోవడానికి అంతకంటే దగ్గర దారి లేదు.
7. మిగతా నీళ్ళు పోయండి. పైదాకా నింపకుండా నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి మూత బిగించండి.
8. ట్యాంకు పైభాగం ఉత్త నీళ్ళతో తుడిచాకే వీపుకు ఎత్తుకోండి.

సీసా ఖాళీ అయితే పావు వంతు నీళ్ళు పోసి గిలకొట్టి, ఆ నీళ్ళు ట్యాంకులోనే పోయండి. ఇలా మూడుసార్లు. తరవాత సీసాకు మేకుతో చిల్లులు పొడవండి, మళ్ళీ నూనెకో, నీళ్ళకో ఎవరూ వాడలేరు.

చిక్కటి మందు ఒంటి మీద పడిందా? ట్యాంకు సంగతి వదిలేయండి. ఆ క్షణమే బట్ట విప్పి సబ్బుతో కడగండి. "ఈ ట్యాంకు అయ్యాక చూద్దాం" అనుకున్న ఆ అరగంటలోనే మందు ఎక్కేస్తుంది.

## 6. కొట్టేటప్పుడు

ఉదయం 6 నుంచి 9 వరకు, లేదా సాయంత్రం 4 తరవాత. మధ్యాహ్నం ఎండలో అసలు వద్దు. ఒక మనిషి రోజుకు మూడు నాలుగు గంటలకు మించి కొట్టకూడదు. ఆర్గానోఫాస్ఫేట్ మందైతే ఒకే మనిషిని రోజూ పెట్టకండి, వంతులు వేసుకోండి.

గాలి పక్క నుంచి రావాలి. సాళ్ళు ఉత్తర దక్షిణాలుగా ఉండి, గాలి పడమర నుంచి వీస్తోందనుకోండి. తూర్పు గట్టున మొదలుపెట్టి ఒక్కో సాలూ పడమరకు జరగండి. గన్నును తూర్పు వైపే పట్టండి. తుంపర మీకు దూరంగా, కొట్టేసిన వైపుకే పోతుంది, మీరు ఎప్పుడూ పొడి మొక్కల మధ్యే నడుస్తారు. గాలి సాళ్ళ వెంటే వీస్తుంటే, లేదా కొమ్మలు ఊగేంత బలంగా ఉంటే ఆగండి.

గన్నును ముందు ఊపుకుంటూ అదే సాలులో నడిస్తే తొడలు, మోకాళ్ళు తడిసిన ఆకులకు రాసుకుంటూ పోతాయి. మందు ఒంటికి పట్టడానికి పొలంలో ఇదే పెద్ద దారి. పక్కకు పట్టుకుంటే ఆ తడి చాలావరకు తప్పుతుంది.

తైవాన్ పంపుతో గొట్టం వేసి కొట్టేచోట గొట్టం లాగేవాళ్ళను ఎవరూ పట్టించుకోరు. మందు పడిన సాళ్ళలో తిరిగేది, తడి గొట్టాన్ని చేత్తో పట్టేది వాళ్ళే. వాళ్ళకూ గ్లవ్స్, బూట్లు ఉండాలి. ఈ పనికి పిల్లలను, గర్భిణులను, పాలిచ్చే తల్లులను పెట్టవద్దు.

గట్టున తప్పక ఉండాల్సినవి:

- [ ] 20 లీటర్ల శుభ్రమైన నీళ్ళు, సబ్బు (కాలువ నీళ్ళ మీద ఆధారపడొద్దు)
- [ ] మార్చుకోవడానికి ఒక జత బట్టలు
- [ ] మూత ఉన్న తాగునీరు, అన్నం, మందుకు దూరంగా
- [ ] ఛార్జింగ్ ఉన్న ఫోను, చూస్తూ ఉండే రెండో మనిషి

బీడీ, గుట్కా, పాన్ పని మధ్యలో ముట్టొద్దు. చెమట తుడుచుకోవడానికి గ్లవ్స్ చేయి మొహానికి తేవద్దు.

పత్తికి బొట్టు పెట్టేవాళ్ళకు. లేత పత్తి కాండానికి మందు పూసే పద్ధతిలో ఇమిడాక్లోప్రిడ్ 1:20, మోనోక్రోటోఫాస్ 1:4 పాళ్ళలో నీళ్ళతో కలుపుతూ వచ్చారు. తుంపర ఉండదు గనుక ఇది సురక్షితం అనుకుంటారు. కానీ చేతిలో ఉన్నది పిచికారీ మందుకంటే ఎన్నో రెట్లు చిక్కన. బ్రష్షు పిడి పొడుగ్గా ఉండాలి, గ్లవ్స్ లేకుండా ఈ పని వద్దు, డబ్బాను చీర కొంగుకు, నడుముకు తగిలించుకోవద్దు.

## 7. పని అయ్యాక

వరుస ముఖ్యం. గ్లవ్స్ చేతికి ఉండగానే సబ్బుతో కడగండి. ఆ తరవాత బూట్లు, పట్టా, చొక్కా, ప్యాంటు విప్పండి. గ్లవ్స్ చివర్లో, లోపలి వైపు బయటకు వచ్చేలా. ముందే గ్లవ్స్ తీసేసి ఉత్త చేతులతో తడి బూట్లు లాగితే పొద్దున్నుంచి పడిన జాగ్రత్తంతా వృథా.

తల నుంచి పాదాల దాకా సబ్బు స్నానం. గోళ్ళ సందులు, చెవుల వెనక, గజ్జలు మరవొద్దు. స్నానం అయ్యాకే అన్నం, అప్పుడే పిల్లలను ఎత్తుకోవడం. "అలసట పోవడానికి" సారా, కల్లు తాగితే మందు ఎక్కిన లక్షణాలు మత్తులో కలిసిపోయి ఎవరికీ తెలియవు.

ఆ బట్టలు విడిగా, రెండుసార్లు సబ్బుతో, ఉతికేవాళ్ళు గ్లవ్స్ వేసుకుని ఉతకాలి. చెరువులో వద్దు. చిక్కటి మందు ఒలికిన బట్టను ఉతకకుండా పారేయండి.

మిగిలిన సీసా తాళం వేసిన పెట్టెలో, అసలు సీసాలోనే ఉంచాలి. క్వార్టర్ సీసాలో, నీళ్ళ బాటిల్లో పోసి పెట్టిన మందు ఎన్ని ఇళ్ళలో ప్రాణాలు తీసిందో అందరికీ తెలుసు.

చేలో మందు కొట్టినట్టు గుర్తుగా గట్టున ఎర్రగుడ్డ కట్టండి. డబ్బా మీద ఇంకా ఎక్కువ రాసి లేకపోతే కనీసం 24 గంటలు, ఎరుపు, పసుపు గుర్తు మందైతే 48 గంటలు ఎవరినీ పనికి దించొద్దు. మిరప కోతకు, పత్తి తీతకు వచ్చే ఆడకూలీలకు ముందురోజు ఏం కొట్టారో చెప్పడం రైతు బాధ్యత.

## 8. మందు ఎక్కిందని గుర్తుపట్టడం

ఆర్గానోఫాస్ఫేట్ అయితే మొదట తలనొప్పి, కళ్ళు మసకలు, వికారం, కడుపులో మెలిపెట్టడం. తరవాత వాంతులు, విరేచనాలు, నోటి నుంచి చొంగ, కన్నీళ్ళు, ఒళ్ళంతా చెమట, కండరాలు అదరడం, ఆయాసం.

వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెట్టడం ఎక్కువగా జరిగే పొరపాటు. తేడా కంట్లో చూడండి. మందు ఎక్కితే కంటిపాప గుండుసూది తలంత చిన్నదవుతుంది, నోట్లో నీళ్ళు ఊరుతాయి. వడదెబ్బలో నోరు ఎండిపోతుంది. అనుమానం ఉంటే మందు ఎక్కిందనే అనుకుని కదలండి.

సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ పడితే మొహం మీద చీమలు పాకినట్టు, మంటగా ఉంటుంది. సబ్బుతో కడిగితే చాలావరకు తగ్గుతుంది. కడిగాక కూడా వణుకు, వాంతులు ఉంటే ఆసుపత్రికే.

పారాక్వాట్ గడ్డిమందు వేరు. దానికి విరుగుడు లేదు. ఒక్క గుక్క మింగినా, మొదటి రోజు మామూలుగా మాట్లాడుతున్నా, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. తరవాతి రోజుల్లో కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

## 9. పడిపోయిన మనిషికి మొదట చేయాల్సినవి

1. మందు పడిన చేలోంచి బయటకు, నీడకు. సాయం చేసేవాళ్ళు ముందు గ్లవ్స్ వేసుకోవాలి, లేకపోతే చేతులకు ప్లాస్టిక్ కవర్లు.
2. 108కి ఫోను.
3. బట్టలన్నీ విప్పండి. సిగ్గుకు సమయం కాదు, ఒక దుప్పటి అడ్డం పట్టండి.
4. బండి వచ్చేదాకా సబ్బు నీళ్ళతో కడుగుతూనే ఉండండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి 15 నిమిషాలు ఉత్త నీళ్ళు ధారగా పోయాలి.
5. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చొంగ, వాంతి బయటికి పోయేలా.
6. మందు సీసా, కరపత్రం మనిషితో పాటు పంపండి.

చేయకూడనివి: ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, పేడనీళ్ళు, చింతపండు రసం తాగించడం, గొంతులో వేళ్ళు పెట్టి కక్కించడం. స్పృహ తగ్గిన మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు, నూనె కూడా వద్దు. నోరంతా మందు ఉంటే నోటితో నోటికి గాలి ఊదొద్దు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజక్షన్ చేయించి ఇంటికి తేవడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్‌కు అట్రోపిన్ అనే విరుగుడును ఊపిరితిత్తులు తేలికపడేదాకా కొలుస్తూ ఎక్కించాలి, వెంటిలేటర్ దగ్గర ఉండాలి. ఆ సౌకర్యం ఉన్న ఆసుపత్రి పేరు ఇవాళే తెలుసుకుని ఫోనులో రాసి పెట్టుకోండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. మందు గురించి సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551.

## 10. ఆసుపత్రిలో, ఆ తరవాత

డాక్టరుకు చెప్పాల్సినవి: మందు పేరు, శాతం, ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్నాళ్ళుగా కొడుతున్నారు, ఒంటి మీద పడిందా, మింగారా, మద్యం తాగారా. పోలీసు కేసు అవుతుందన్న భయంతో "ఏదో తిన్నాడు" అని చెప్పకండి, వైద్యం దారి తప్పుతుంది. పొలంలో పని చేస్తూ జరిగిందని స్పష్టంగా రాయించండి, పరిహారం అడగాల్సి వస్తే ఆ కాగితమే ఆధారం.

కాస్త తేరుకోగానే డిశ్చార్జి అడగొద్దు. ఆర్గానోఫాస్ఫేట్ విషంలో ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ నిలవకపోవడం, చేతులు ఎత్తలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం మళ్ళీ రావచ్చు. ఇంటికి వచ్చాక తల దిండు మీంచి ఎత్తలేకపోతే అదే గుర్తు, వెంటనే వెనక్కి తీసుకెళ్ళండి.

సీజన్ మొదలుకాకముందే మందు కొట్టేవాళ్ళు కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించుకుని కాగితం దాచుకుంటే మంచిది. తరవాత ఎంత తగ్గిందో దానితోనే పోల్చాలి. ఒకసారి విషం ఎక్కిన మనిషి, ఆ పరీక్ష మామూలుకు వచ్చిందని డాక్టరు చెప్పేదాకా పంపు ముట్టుకోకూడదు. కొట్టిన చేలో కలుపుకూ, కోతకూ కూడా వెళ్ళకూడదు.